మన గుట్టు బజార్ల.. సర్కారు గుట్టు ఎనిమిదో అధ్యాయంల!

మొన్న దసరాకు ముందు బిడ్డకు చెప్పులు కొందామని నగరంలో ఒక పెద్ద దుకాణానికి పోయాను. బిడ్డ తొడుక్కుని నాలుగడుగులు నడిచింది, సరిపోయినయి అన్నది. కౌంటర్ దగ్గర పైసలు తీసి పెట్టాను. పైసలు ముట్టుకోకముందే ఆ పిలగాడు అడిగాడు.

"సార్, ఫోన్ నంబర్?"

"నంబర్ ఎందుకు తమ్మీ? నగదే ఇస్తున్న గదా."

"నంబర్ కొట్టకుంటే బిల్లు రాదు సార్. సిస్టం గట్లనే ఉంది."

నేనియ్య అని నిలబడ్డాను. వెనుక లైన్లో నలుగురున్నారు. ఒకాయన గొణిగాడు. "పది అంకెలకు ఇంత లొల్లి ఏందన్నా, చెప్పి పడేయరాదు!" బిడ్డ చెయ్యి పట్టి గుంజింది. 2009 డిసెంబర్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో బాష్పవాయువు గోళాలకు వెనక్కి తగ్గని మనిషిని, చెప్పుల దుకాణంలో నలుగురి ముందు ఓడిపోయాను. నంబర్ చెప్పాను.

వారం తిరగకముందే ఫోన్లు మొదలైనయి. షాద్‌నగర్ దాటినంక ప్లాట్లు, యాదగిరిగుట్ట రోడ్డుకు ఫామ్ ల్యాండ్లు, అడగని అప్పు, పెట్టని దరఖాస్తుకు క్రెడిట్ కార్డు. పొద్దున పేపర్ చదువుతుంటే ఒకటి, మధ్యాహ్నం బువ్వ తింటుంటే ఒకటి. ఫోన్ చేసేటోళ్లకు నా పేరు తెలుసు, నేనుండే బస్తీ తెలుసు. వాళ్ల పేరు అడిగితే మాత్రం ఫోన్ పెట్టేస్తారు.

చెప్పుల దుకాణమే నా నంబర్ అమ్మిందని నేను రుజువు చేయలేను. అంతకుముందు ఆస్పత్రిలో రాసిచ్చాను, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్‌లో రాశాను, సినిమా టికెట్‌కు ఇచ్చాను. ఎవరు అమ్మారో తేల్చలేకపోవడమే ఈ దందాకు బలం. దొంగతనం జరిగిందని తెలుస్తది గానీ ఏ గోడకు కన్నం పడ్డదో తెల్వదు.

దుకాణాల్లో కొనేవాళ్లను ఫోన్ నంబర్ కోసం ఒత్తిడి చేయొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపారులకు సూచన పంపింది. నంబర్ ఇయ్యనంటే సరుకు ఇయ్యకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని చెప్పింది. ఆ సూచన ఏ కౌంటర్ దాకా వచ్చింది? అక్కడ నిలబడే పిలగానికి ఆ సంగతి ఎవరు చెప్పారు? వాని తప్పేమీ లేదు. రోజుకు ఇన్ని నంబర్లు పట్టాలని వానికీ పైనుంచి లెక్క పెట్టి ఉంటారు.

షావుకారు మారిండు

పది అంకెలే గదా అన్న ఆ పెద్దమనిషికి ఒక సంగతి యాది చెయ్యాలి. 2020లో లాక్‌డౌన్ పడి కూలీల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల దాకా జీతాలు తెగిపోయిన రోజుల్లో ఫోన్లలో అప్పు యాప్‌లు పుట్టగొడుగుల్లా లేచాయి. పూచీకత్తు అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, బ్యాంకు మెట్లు ఎక్కనక్కర్లేదు. ఆధార్ ఫోటో, ఒక సెల్ఫీ, ఆ తర్వాత 'అలౌ' అన్న ఒక్క మీట. ఐదు వేలు అడిగితే ఖర్చుల కింద కోత పోను చేతికొచ్చేది మూడున్నర వేలో, ఇంకా తక్కువో. వారం గడువు. వారం దాటితే మాత్రం అసలు కథ మొదలైతది.

'అలౌ' అని నొక్కిన క్షణమే ఫోన్‌లోని కాంటాక్టులన్నీ అప్పిచ్చినవాని చేతికి పోయాయి. అమ్మ, అత్త, బావమరిది, ఆఫీసులో పై అధికారి, చిన్ననాటి దోస్తు.. అందరి నంబర్లు. గడువు దాటంగనే వాళ్లందరికీ "ఈమె దొంగ, ఈమెకు మీరే జామీను" అని మెసేజ్‌లు. ఫోటో మార్చి అసభ్యంగా చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. 2020 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో సిద్దిపేట జిల్లా నుంచి హైదరాబాద్ శివార్ల దాకా ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి ఇక్కడా, గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్ల మీద దాడులు చేస్తే ఆ దందా ఎంత పెద్దదో లోకానికి ఎరుకైంది.

మన తాతల కాలంలో షావుకారు భూమి కాగితాలు కుదువ పెట్టుకునేవాడు. నానమ్మ మెడలో పుస్తె కుదువ పెట్టుకునేవాడు. బాకీ తీరితే కాగితం వాపస్ వచ్చేది, కనీసం రావాలని పంచాయితీలో అడిగే వీలుండేది. ఈ కొత్త షావుకారు కుదువ పెట్టుకున్నది మన చుట్టాలను, మన పరువును. బాకీ తీరినా ఆ కాంటాక్టుల లిస్టు వాపస్ రాదు. వాని దగ్గర ఒక నకలు ఉండనే ఉంటది.

రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో ఒక అధ్యయన బృందాన్ని వేసింది. అప్పు యాప్‌లు కాంటాక్టులు, కాల్ లిస్టులు, ఫైళ్లు తీసుకోకూడదని 2022 సెప్టెంబర్ 2న మార్గదర్శకాలు ఇచ్చింది. గూగుల్ తన యాప్ స్టోర్‌లోని అప్పు యాప్‌లకు కాంటాక్టులు, ఫోటోలు అందకుండా చేసింది 2023 మే 31 నుంచి. అంటే తెలంగాణలో పాడెలు లేచిన ఇరవై నెలలకు ఒకరు, దాదాపు రెండున్నరేండ్లకు ఇంకొకరు మేల్కొన్నారు. ఇది మొదటి నుంచీ సాధ్యమయ్యే పనే. ఒక మీట తీసేస్తే అయిపోయేది. మన బతుకుల విలువ ఆ మీట కన్నా తక్కువైంది.

ఆగస్టు 19

కంపెనీలనైతే తిట్టి ఊరుకోవచ్చు. మన సర్కారు సంగతేంది? ఇక్కడ నా మాట కొందరు మిత్రులకు చేదుగా ఉంటది. అయినా చెప్పాలి.

2014 ఆగస్టు 19. రాష్ట్రం వచ్చి మూడు నెలలు నిండలేదు. సమగ్ర కుటుంబ సర్వే అన్నారు. ఒక్క రోజు, మొత్తం రాష్ట్రం, ప్రతి ఇల్లు. బస్సులు బంద్, దుకాణాలు బంద్. బొంబాయి నుంచి, భివండి నుంచి, సూరత్ నుంచి మనోళ్లు రైళ్లకు వేలాడుకుంటూ ఊర్లకు వచ్చారు. నేనూ మా ఊరికి పోయాను. మా వాడకు వచ్చిన బడి సారు అరుగు మీద కూర్చుని రాసుకుంటుంటే మా అమ్మ అడగనిది కూడా చెప్పింది. "బర్రె ఉందని రాయి సారూ, ఒట్టిపోయింది అని గూడ రాయి" అన్నది. బ్యాంకు ఖాతా ఏది, గ్యాస్ ఉందా, బండి ఉందా, రోగం ఏమిటి, మరుగుదొడ్డి ఉందా, అప్పు ఉందా.. అన్నీ.

ఎందుకు చెప్పింది? మన సర్కారు అని చెప్పింది. అరవై ఏండ్లు మనల్ని లెక్కలోకే తీసుకోని పాలన చూసినం, ఇప్పుడు మనోళ్లు వచ్చి మనల్ని లెక్కపెడుతున్నరని చెప్పింది. కోటికి పైగా కుటుంబాలు ఆ నమ్మకంతోనే చెప్పాయి. ఈ వివరాలు ఎందుకని కొందరు అప్పుడే హైకోర్టుకు పోతే, ఇందులో బలవంతం ఏమీ లేదని ప్రభుత్వం జవాబిచ్చింది. కోర్టులో ఆ మాట, ఊర్లో మాత్రం 'పేరు రాయించుకోకపోతే పథకాలు పోతయి' అన్న మాట. రెండూ ఒక్క నోటితోనే అన్నారు.

సర్వేను నేను అప్పుడు వెనకేసుకొచ్చాను. దాని మీద ప్రశ్నలు వేసిన మిత్రునితో వాదం పెట్టుకున్నాను. "ఆంధ్ర పత్రికల మాట మాట్లాడుతున్నవు" అని కూడా అన్నాను. ఇయ్యాల ఆ మిత్రునికి క్షమాపణ బాకీ ఉన్నాను. ఎందుకంటే అంత కష్టపడి తెచ్చిన లెక్కల పూర్తి నివేదిక జనం ముందు పెట్టనే లేదు. మా అమ్మ బర్రె సంగతి సర్కారుకు తెలిసింది. సర్కారుకు ఏం తెలిసిందో మా అమ్మకు తెల్వలేదు.

యంత్రం చెప్పిన మాట

ఆ తర్వాత 'సమగ్ర వేదిక' వచ్చింది. బండ్ల రిజిస్ట్రేషన్ ఒక దగ్గర, ఇంటి పన్ను ఇంకో దగ్గర, కరెంటు బిల్లు మరో దగ్గర ఉండేవి. వాటన్నిటినీ కలిపి, పేరును పేరుతో, చిరునామాను చిరునామాతో సరిచూసి, ఎవరు పేదోళ్లు ఎవరు కాదో యంత్రంతో చెప్పించే ఏర్పాటు ఇది. దొంగ కార్డులు ఏరివేయాలన్న ఉద్దేశం మంచిదే. కాదని ఎవరూ అనరు. అయితే మన తెలంగాణలో ఒక్కో ఊర్లో ఎల్లయ్యలు ఎంతమంది, లక్ష్మిలు ఎంతమంది? పాతబస్తీలో అలీలు ఎంతమంది? హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుని కుటుంబానికి రేషన్ కార్డు పోయింది. కారణం అడిగితే మీకు కారు ఉంది అన్నారు. ఆ కారు అదే తీరు పేరున్న ఇంకొకాయనది! రిక్షా తొక్కి బతికినాయనకు యంత్రం కారు ఇచ్చి బియ్యం గుంజుకున్నది.

ఇది ఒక్క ఇంటి కథ అయితే పొరపాటు అనుకోవచ్చు. 2014, 2019 మధ్య మన రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. చాలామందికి నోటీసు లేదు, వివరణ అడిగింది లేదు. డీలర్ దగ్గరికి పోయినప్పుడే కార్డు లేదని తెలిసింది. చివరికి సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో రద్దయిన కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ చూడమని ఆదేశించాల్సి వచ్చింది. అట్లా రెండు లక్షల పైచిలుకు దరఖాస్తులు చూసేసరికే 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. ఇన్నేండ్లు వాళ్లు తినని బియ్యం ఎవరు వాపస్ ఇస్తారు?

యంత్రం తప్పు చేయడం కన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. ఆ యంత్రానికి జవాబుదారీ లేకపోవడం. పట్వారీ తప్పు రాస్తే తహసీల్దార్ దగ్గరికి పోయేవాళ్లం, తిట్టేవాళ్లం, ధర్నా చేసేవాళ్లం. కంప్యూటర్ తప్పు రాస్తే ఎవరి గేటు ముందు కూర్చోవాలి? ఆఫీసర్‌ను అడిగితే "సిస్టంల అట్ల చూపిస్తున్నది" అంటాడు. చెప్పుల దుకాణం పిలగాడు అన్న మాటే ఇది!

ఇది ఆంధ్ర తెలంగాణ పంచాయితీ కూడా కాదు. అట్లా అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. రెండు రాష్ట్రాల్లో కలిపి 7 కోట్ల 82 లక్షల మంది ఆధార్ వివరాలు ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర ఉన్నాయని 2019లో కేసు నమోదైంది. ఓట్ల రాజకీయానికి వాటిని వాడుకున్నారన్నది ఆరోపణ. మన వివరాలు దొంగిలించేటోనికి ప్రాంతం లేదు, భాష లేదు. కృష్ణా నీళ్లలో వాటా తేలలేదు గానీ, వివరాల దోపిడీలో మాత్రం రెండు రాష్ట్రాల జనానికీ సమాన వాటా దక్కింది.

పోలీసుల సంగతి కూడా అంతే. ఉద్యమ కాలంలో మా ఫోన్లు వింటున్నారని బ్యాటరీలు తీసి మాట్లాడుకునేవాళ్లం. రాష్ట్రం వస్తే ఆ భయం పోతదనుకున్నాం. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో బండ్ల మీద పోయే పిలగాళ్లను ఆపి, ఫోన్ తీసి, వాట్సాప్‌లో 'గంజాయి' అన్న మాట వెతికారు. మాస్కు తీయించి ముఖం ఫోటో తీసుకున్న వ్యవహారం మీద, ముఖాలు గుర్తుపట్టే యంత్రాల మీద ఒక సామాజిక కార్యకర్త హైకోర్టుకు పోయాడు. 2022లో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఇక 2024 మార్చిలో బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసు అందరికీ తెలిసిందే. పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఎవరు చేయించారో, ఎందరివి విన్నారో కోర్టు తేల్చాలి. అయితే ఉద్యమంలో పుట్టిన రాష్ట్రంలో ఇట్లాంటి కేసు నమోదు కావడమే మనకు సిగ్గు.

ఎనిమిదో అధ్యాయం

శ్రీకృష్ణ కమిటీని మన పాఠకులకు పరిచయం చేయనక్కర్లేదు. 2010 డిసెంబర్ 30న నివేదిక ఇచ్చింది. మనల్ని ఆరు ముక్కల బాటలో నిలబెట్టింది. దాంట్లో ఎనిమిదో అధ్యాయం మాత్రం సీలు కవర్లో కేంద్ర హోంశాఖకు పోయింది. ప్రజల మీద రాసిన అధ్యాయం ప్రజలకే చూపెట్టలేదు. నిజామాబాద్ మాజీ ఎంపీ నారాయణరెడ్డి గారు కోర్టుకు పోతే 2011 మార్చిలో జస్టిస్ నర్సింహారెడ్డి గారి తీర్పుతో ఆ గుట్టు రట్టయింది. ప్రకటనలతో పత్రికలను, పదవులతో నాయకులను ఎట్లా దారికి తెచ్చుకోవాలో అందులో సలహాలున్నాయని తెలిసి తెలంగాణ భగ్గుమంది.

అదే జస్టిస్ శ్రీకృష్ణ గారు 2017లో ఇంకో కమిటీకి అధ్యక్షుడయ్యారు. పౌరుల వ్యక్తిగత సమాచారం ఎట్లా కాపాడాలన్నది దాని పని. అదే ఏడాది ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు. మన ఉమ్మడి రాష్ట్రంలో బీసీ కమిషన్ చైర్మన్‌గా పనిచేసిన పెద్దాయన. ఎనభై ఆరేండ్ల వయసులో ఆధార్ మీద కోర్టు మెట్లెక్కారు, 2024 అక్టోబర్‌లో 98 ఏండ్ల వయసులో కన్నుమూశారు.

తీరా చట్టం ఎట్లా వచ్చింది? శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాను సర్కారు మార్చుకుంటూ పోయింది. ప్రభుత్వానికే మినహాయింపులు ఇచ్చుకున్న 2019 బిల్లు ప్రమాదకరమని స్వయంగా శ్రీకృష్ణ గారే విమర్శించారు. ఎనిమిదో అధ్యాయం రాసిన పెద్దమనిషికే భయమేసిందంటే సంగతి ఎంత దాకా వచ్చిందో అర్థం చేసుకోవచ్చు. చివరికి 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అయింది. 2025 నవంబర్‌లో నిబంధనలు వచ్చాయి. కంపెనీల మీద ఉన్న ప్రధాన బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువిచ్చారు.

చట్టంలో మంచి ఏమీ లేదని అనను. అడిగి తీసుకోవాలన్నారు, పని అయిపోయాక తుడిచేయాలన్నారు, తప్పు చేసిన కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అన్నారు. అయితే ఆ జరిమానా పోయేది సర్కారు ఖజానాకు. పరువు పోయినోనికి, ప్రాణం పోయిన ఇంటికి ఆ చట్టం కింద నష్టపరిహారం లేదు. పాత ఐటీ చట్టంలో పరిహారానికి ఉన్న సెక్షన్‌ను కూడా ఈ చట్టం తీసేసింది. తీర్పు చెప్పే బోర్డును నియమించేది కేంద్ర ప్రభుత్వమే. తప్పుడు ఫిర్యాదు చేసినవని తేలిస్తే పౌరునికే పది వేల దాకా జరిమానా! ఇక శాంతిభద్రతలు, దేశ భద్రత పేరు మీద ఏ సర్కారు సంస్థనైనా ఈ చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రం చేతిలోనే ఉంది. దొంగకు తాళం, దొరకు తలుపు అన్నట్టుంది.

610 లెక్క ఇయ్యాల అడిగితే?

అసలు దెబ్బ ఇంకో చోట ఉంది. దాని మీద మన దగ్గర చర్చే జరగలేదు. ఈ చట్టంలోని 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని సవరించింది. అది 2025 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. కంపెనీలకు 18 నెలల గడువు, సమాచార హక్కుకు మాత్రం ఒక్క రోజు గడువు లేదు!

ఇదివరకు ప్రజల పనితో సంబంధం లేని సొంత వివరాలనే అధికారులు ఇయ్యకుండా ఆపే వీలుండేది. అందులో కూడా ప్రజాప్రయోజనం ఉంటే ఇయ్యాల్సిందే. పార్లమెంటుకు, శాసనసభకు కాదనలేని సమాచారం పౌరునికి కూడా కాదనకూడదన్న మాట కూడా ఉండేది. ఇప్పుడు అవన్నీ తీసేసి 'వ్యక్తిగత సమాచారం' అన్న రెండు మాటలు పెట్టారు. ప్రజాప్రయోజనం కోసం ఇచ్చే వీలు వేరే సెక్షన్‌లో ఉంది కదా అని ప్రభుత్వం అంటున్నది. ఉంది. కాకపోతే అది అధికారి తలచుకుంటే. ఏ అధికారి తన మీద తానే తలచుకుంటాడు?

తెలంగాణ ఉద్యమం అంటే ఏమిటి? సగం పాట, సగం లెక్క. జయశంకర్ సార్ ఊరూరా తిరిగి చెప్పింది లెక్కలే. నీళ్లెన్ని, నిధులెన్ని, కొలువులెన్ని. 1985లో 58,962 మంది స్థానికేతరులు మన జోన్లలో కొలువుల్లో ఉన్నారన్న లెక్క ప్రభుత్వ ఫైళ్లలోంచి బయటికొచ్చింది కాబట్టే 610 జీవో పుట్టింది. ఆ జీవో అమలు కాలేదన్న లెక్క బయటికొచ్చింది కాబట్టే గిర్‌గ్లానీ కమిషన్ వచ్చింది. ఏ ఆఫీసులో ఎవరున్నరు, ఏ జిల్లాలో చదివిండ్రు, స్థానికత సర్టిఫికెట్ ఎక్కడిది.. ఈ ప్రశ్నలతోనే మనం రాష్ట్రం తెచ్చుకున్నాం. ఇయ్యాల అదే ప్రశ్న సమాచార హక్కు కింద అడిగితే? "ఉద్యోగి వ్యక్తిగత సమాచారం, ఇయ్యరాదు" అని ఒక్క ముక్కలో రాసి పంపొచ్చు!

ఉపాధి హామీ సామాజిక తనిఖీలు మన దగ్గర 2006లోనే మొదలయ్యాయి. కూలీల పేర్లు, పనిదినాలు, కూలి పైసలు ఊరి గోడ మీద రాసి, గ్రామసభలో గట్టిగా చదివేవాళ్లు. "గీ ఎల్లయ్య సచ్చిపోయి రెండేండ్లాయె, కూలికి ఎట్లొచ్చిండు?" అని ఒక ముసలవ్వ లేచి అడిగితే దొంగ మస్టర్లు దొరికేవి. ఆ పేరు చదవకుంటే ఆ దొంగ దొరకడు. పేదోని గోప్యత పేరు చెప్పి దొంగ మస్టర్ రాసినోన్ని కాపాడే రోజు రాకూడదు.

ఇక్కడే మన మాట సాఫుగా ఉండాలి. గోప్యత కావాలి, లెక్కా కావాలి. రెండూ కొట్లాడుకునేవి కావు. మా అమ్మ రోగం ఏమిటో సర్కారు దాచిపెట్టాలి. మా మండలంలో మందులకు ఎంత ఖర్చయిందో సర్కారు చెప్పాలి. 2024 నవంబర్‌లో మొదలైన కులగణనను నేను సమర్థిస్తాను. బీసీలు ముస్లిం బీసీలతో కలిపి 56.33 శాతం అన్న లెక్క 2025 ఫిబ్రవరిలో జనం ముందు పెట్టారు. అట్లా పెట్టడమే సరైన పని. అయితే 75 ప్రశ్నలకు ఇంటింటా చెప్పిన జవాబులు పేర్లతో సహా ఎక్కడున్నాయి, ఎవరు చూడొచ్చు, ఎన్నేండ్లుంచుతారు? మొత్తం లెక్క బజార్లకు రావాలె, మనిషి పేరు బీరువాల ఉండాలె. ఇప్పుడు జరుగుతున్నది దానికి ఉల్టా.

అడిగితేనే వెనక్కి పోతరు

అడిగితే ఏమొస్తదని నిరాశ పడాల్సిన పని లేదు. 2025 నవంబర్ చివర్లో కేంద్ర టెలికాం శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కొత్త ఫోన్‌లో సంచార్ సాథీ అనే సర్కారు యాప్ ముందే వేసి పెట్టాలని ఫోన్ కంపెనీలకు చెప్పింది. దేశమంతా లొల్లి లేచింది. డిసెంబర్ 3న ఆ ఉత్తర్వు వాపస్ పోయింది. వారం రోజుల పని! మనం ఒక్కటై అడిగితే ఎంతటి సర్కారైనా తగ్గుతదని మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాల్సినవి నాలుగున్నాయి. ఒకటి, 2014 సర్వే పూర్తి నివేదిక బయటపెట్టాలి, పేర్లున్న వివరాలు ఎవరి చేతుల్లోకి పోయాయో చెప్పాలి. రెండు, యంత్రం చెప్పిందని ఏ కార్డూ, ఏ పింఛనూ తీసేయకూడదు. ముందు నోటీసు ఇయ్యాలి, మనిషి ఇంటికి వచ్చి చూడాలి, తీసేస్తే కారణం రాసియ్యాలి. మూడు, సమాచార హక్కు సవరణకు వ్యతిరేకంగా మన శాసనసభ తీర్మానం చేయాలి. నాలుగు, కోర్టు ఆర్డరు లేకుండా రోడ్డు మీద ఏ పోలీసూ ఫోన్ గుంజుకోవద్దని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇయ్యాలి.

మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. ఫోన్ సెట్టింగుల్లోకి పోయి ఏ యాప్‌కు కాంటాక్టులు, మైకు, మెసేజ్‌లు చూసే అనుమతి ఉందో చూడండి. టార్చిలైటు యాప్‌కు మీ అత్తగారి నంబర్ ఎందుకు? తీసేయండి. ఆధార్ ఇవ్వాల్సిన చోట చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అమ్మకపు ఫోన్లు ఆపమని 1909కి చెప్పండి. ఇవి చేస్తే దోపిడీ ఆగిపోదు. కానీ సోయి వస్తది. సోయి లేని కాడ ఏ ఉద్యమం మొదలుకాదు.

మొన్న సంక్రాంతికి బిడ్డ బట్టల కోసం ఇంకో దుకాణానికి పోయాను. కౌంటర్ దగ్గర మళ్లీ అదే ప్రశ్న. ఈసారి నంబర్ ఇయ్య అన్నాను. బిల్లు రాదు అన్నాడు. రానప్పుడు బట్టలు వాపస్ పెట్టుకో తమ్మీ అన్నాను. వెనుక లైన్లో గొణుగుడు మొదలైంది. నేను వెనక్కి తిరిగి, "మీది గూడ ఇయ్యకుండ్రి, అడగొద్దని కేంద్రమే చెప్పింది" అన్నాను. వెనుకనున్న ఒకామె, "అవునా అన్నా? నాకు దినాం పది ఫోన్లు వస్తున్నయి" అన్నది.

ఆ పిలగాడు ఒక్క క్షణం మా ఇద్దరినీ చూశాడు. తర్వాత కంప్యూటర్‌లో పది తొమ్మిదులు కొట్టాడు. బిల్లు వచ్చింది.